అగ్గి అంటుకున్నప్పుడు తప్పనిపించే సలహాలు

ఆళ్లగడ్డ ఫైర్ స్టేషన్ నుంచి దిగువ అహోబిలానికి దాదాపు 25 కిలోమీటర్లు. ఫైరింజన్ ఎక్కడా ఆగకుండా గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయినా 38 నిమిషాలు పడుతుంది. మధ్యలో గొర్రెల మంద అడ్డం రావచ్చు, పెళ్లి ఊరేగింపు ఎదురు కావచ్చు, ఊరి మలుపు దగ్గర దారి చెప్పే మనిషి లేకపోవచ్చు. నంద్యాల నుంచి నల్లమల అంచు పల్లెలకు బయల్దేరే బండిదీ ఇదే కథ. ఏప్రిల్ ఎండలో గాలి తోలుతుంటే, ఎండిన వరిగడ్డి వామి మొత్తం అంటుకోవడానికి అందులో సగం సేపు కూడా అక్కర్లేదు.

అంటే ఫోన్ చేసిన క్షణం నుంచి సైరన్ వినపడేదాకా ఊరికి ఊరే ఫైర్ స్టేషన్. అమెరికాలో అగ్నిమాపక సిబ్బందిలో ఎక్కువ మంది జీతం లేని వలంటీర్లే. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇరుగుపొరుగును కూడగట్టి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టాడు. చేరిన ప్రతివాడూ తోలు బకెట్లు, సామాను మోయడానికి సంచులు ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవాలన్నది వాళ్ల కట్టుబాటు. చిలీ దేశంలో ఈనాటికీ మంటలార్పేది వలంటీర్ దళాలే. మన దేశంలోనూ 2016లో ఆపద మిత్ర పథకం మొదలుపెట్టి విపత్తుల్లో ముందుగా అందుకునేందుకు మామూలు జనానికి శిక్షణ ఇప్పిస్తున్నారు. మన పల్లెల్లో దళం అనే పేరు లేకపోవచ్చు గానీ మనుషులకు కొదవ లేదు. వినాయక చవితికి మండపం వేసే కుర్రాళ్లను చూడండి. చందా ఎవరు వసూలు చేయాలి, ట్రాక్టర్ ఎవరిది, కరెంటు తీగ ఎవరు లాగాలి, రాత్రి కాపలా ఎవరిది అన్నది వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ జట్టే అగ్గి జట్టు కావాలని నా కోరిక. ఈ సలహాలు వాళ్ల కోసమే.

వీటిలో చాలావరకు వినగానే తప్పనిపిస్తాయి. మంటను చూడగానే మనిషికి పుట్టే మొదటి బుద్ధి నీళ్లు పొయ్యమంటుంది, లోపలికి ఉరకమంటుంది, ఊరినంతా పిలవమంటుంది. ఆ బుద్ధి చాలాసార్లు నష్టాన్ని పెంచుతుంది. మంట పడిన పూట కూర్చుని ఆలోచించే తీరిక ఉండదు కాబట్టి ఆ ఆలోచనేదో ఇప్పుడే చేసిపెట్టుకుందాం.

బిందె పక్కన పెట్టి ముందు ఫోన్ తీయండి

మంట చిన్నదిగా ఉంది, రెండు బిందెలు పోస్తే ఆరిపోతుంది అనిపిస్తుంది. పోయండి, కానీ పక్కవాడు 101కు ఫోన్ చేసిన తర్వాతే. ఒక్కరే ఉంటే ఫోన్ ముందు, బిందె తర్వాత. రెండు బిందెలకు ఆరకపోతే పోయిన ఐదు నిమిషాలు తిరిగి రావు. ఆరిపోతే మళ్లీ ఫోన్ చేసి చెప్పండి. సగం దారిలో బండి వెనక్కి తిరిగితే ఎవరికీ నామోషీ లేదు.

101 కలవకపోతే 112 చేయండి. "ఇంతమంది ఉన్నాం, ఎవరో ఒకరు చేసే ఉంటారులే" అన్న మాటే ఎన్నో వాములను బూడిద చేసింది. ఎవరో చేసి ఉంటారనుకోకుండా మీరూ చేయండి. రెండుసార్లు చెప్పినందువల్ల వచ్చే నష్టమేమీ లేదు.

ఫోన్‌లో ఏడుపు, కేకలు వద్దు. "మా ఊర్లో కొట్టం కాలిపోతాంది సామీ, బిరాన రండి" అని పెట్టేస్తే అవతలివాళ్లకు ఊరి పేరే తెలియదు. కొత్తపల్లెలు, లింగాపురాలు ఒక్కొక్క జిల్లాలో ఎన్నో ఉంటాయి, అందుకే మండలం పేరు తప్పనిసరి. కాలుతున్నది ఏమిటి, లోపల మనుషులున్నారా, గ్యాస్ సిలిండర్ గానీ పురుగుమందులు గానీ ఉన్నాయా, హైవే మీద ఎక్కడ తిరగాలి అన్నది చెప్పండి. పెద్దబండి పోలేని ఇరుకు సందు అయితే అదీ చెప్పండి. అవతలివాళ్లు పెట్టేదాకా మీరు ఫోన్ పెట్టొద్దు. తర్వాత కూడా ఆ ఫోన్ ఖాళీగా ఉండాలి. డ్రైవర్ దారి కోసం అదే నంబరుకు చేస్తాడు. ఆ సమయంలో మీరు మేనమామకు కబురు చెబుతుంటే బండి పక్క ఊరికి పోతుంది.

ఈ మాటలన్నీ ఒక కాగితం మీద ముందే రాసి పాల కేంద్రంలో, రచ్చబండ దగ్గర, సచివాలయంలో అంటించండి. భయంలో సొంత ఊరికి దారి చెప్పడం కూడా కష్టమే.

మంట దగ్గరికి జనాన్ని పిలవొద్దు

ఊరంతా వచ్చి నిలబడితే ధైర్యంగా ఉంటుంది. కానీ సందులో రెండు వందల మంది ఉంటే ఫైరింజన్ ఎటు రావాలి? పైపు ఎక్కడ పరవాలి? బైకులు అడ్డదిడ్డంగా ఆపిన వీధిలో పోయే ప్రతి నిమిషానికీ ఇంకో దూలం కాలిపోతుంది.

పది మంది చాలు. ఒకరు ఫోన్ దగ్గర. ఒకరు హైవే మలుపులో, పగలైతే చేతిలో తువాలు, రాత్రయితే టార్చి. ఇద్దరు వీధి ఖాళీ చేయించడానికి. ఒకరు కరెంటు చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ ఎక్కడుందో ఊరందరికీ తెలుసు, అయినా దాన్ని మీరు ముట్టుకోవద్దు. సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్‌కో లైన్‌మన్‌కో ఫోన్ చేయాలి, వాళ్లు దొరక్కపోతే 1912. ఇద్దరు గొడ్ల దగ్గరికి. ఇద్దరు నీళ్ల దగ్గర. మిగిలిన ఒక్కరి పని అన్నిటికంటే ముఖ్యమైనది, అది మనుషుల లెక్క. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారు, బయటికి ఎంతమంది వచ్చారు, ముసలమ్మ ఎక్కడ, పాప ఎక్కడ. ఫైరింజన్ దిగిన అధికారి మొదట అడిగేది "లోపల ఎవరైనా ఉన్నారా?" అనే. దానికి నలుగురు నాలుగు మాటలు చెబితే, లేని మనిషి కోసం ఉన్న మనిషి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

ఈ లెక్క చూసే పని ఆడవాళ్లకు అప్పగించమంటాను. ఏ ఇంట్లో ఎవరు మంచం పట్టారో, ఎవరి కోడలు కాన్పుకొచ్చిందో, ఎవరి పిల్లలు మధ్యాహ్నం ఎవరింట్లో పడుకుంటారో వాళ్లకు తెలిసినంతగా మండపం కుర్రాళ్లకు తెలియదు. పొదుపు సంఘం లీడర్ జట్టులో ఉంటే ఆ ఒక్క ప్రశ్నకు తడుముకోని జవాబు దొరుకుతుంది.

కాలుతున్న వామిని వదిలేయండి

ఈ సలహాకే ఊళ్లో ఎక్కువ గొడవ జరుగుతుంది. ఏడాది పొడవునా గొడ్లకు వేయాల్సిన మేత కళ్లెదుట కాలుతుంటే వదిలేయమనడం రైతుకు గుండెకోత. అయినా చెప్పాల్సిందే. వరిగడ్డి గానీ జొన్నచొప్ప గానీ గట్టిగా పేర్చిన వామి మీద బిందెలతో నీళ్లు పోస్తే పైపొర తడుస్తుంది, నీళ్లు పక్కలకు జారిపోతాయి, లోపల నిప్పు కణకణలాడుతూనే ఉంటుంది. ఊరి ట్యాంకులోని నీళ్లన్నీ దాని మీదే పోసేశాక నిప్పురవ్వ ఎగిరి పక్క వామి మీద పడుతుంది. అప్పటికి మీ దగ్గర చుక్క ఉండదు.

ఉన్న నీళ్లు ఇంకా అంటుకోని వాటికి. గాలి ఎటు పోతోందో చూడండి, కాస్త మట్టి ఎగరేస్తే తెలుస్తుంది. గాలి వాలున ఉన్న వామిని, బోద కొట్టాన్ని, కట్టెల కుప్పను తడపండి. వాటి మీద తడి గోతాలు పరచండి. మంటకూ వాటికీ మధ్య నేల మీదున్న చెత్త, పరక, ఎండుటాకులు పారలతో గీకి మట్టి తేల్చండి. కాలుతున్న వామిని పెకలించి చల్లార్చడం ఫైరింజన్ వచ్చాక, నీటి ధార చేతిలో ఉన్నప్పుడు చేసే పని. ముందే కర్రలతో కెలికితే గాలి తగిలి ఎర్రటి నిప్పు మంటగా లేస్తుంది, రవ్వలు ఊరి మీద పడతాయి.

నంద్యాల చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పత్తి బేళ్లు కూడా గడ్డివామి లాగే లోపల్లోపల కాలతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో అంటుకున్నది పత్తే. అదే ఓడలో పేలుడు సామగ్రి కూడా ఉంది. అది పేలి, మంటలార్పడానికి పోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్ల జ్ఞాపకంగానే దేశమంతటా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. పత్తి పక్కన ఏం పెట్టకూడదో, గడ్డి పక్కన ఏం పెట్టకూడదో అంత ఖరీదు పెట్టి నేర్చుకున్న పాఠం అది. మన కళ్లాల్లో వామి పక్కనే డీజిల్ డబ్బా, యూరియా బస్తాలు, పురుగుమందు సీసాలు కనిపిస్తే ఆ రోజే తీయించండి. కరెంటు తీగల కింద వామి వేయనివ్వొద్దు. ఎండాకాలం ఈదురుగాలికి తీగలు ఒకదానికొకటి రాసుకుని రవ్వలు రాలడం మన పల్లెలన్నీ చూసిందే.

గొడ్లను విప్పడానికి ముడులు విప్పుతూ కూర్చోవద్దు. బెదిరిన ఎద్దు గుంజుతుంటే ముడి బిగుసుకుపోతుంది. కొడవలితో పలుపు కోసేయండి, పలుపు మళ్లీ కొనుక్కోవచ్చు. బయటికి తోలాక వాకిలి మూసేయండి. కట్టేసిన చోటే క్షేమమనుకుని ఎనుములు మళ్లీ మండే కొట్టంలోకే దూరతాయి.

ఫైరింజన్‌లో నీళ్లున్నాయని నమ్మకండి

ఫైరింజన్ వచ్చిందంటే గండం గడిచిందని జనం ఊపిరి పీల్చుకుంటారు. మామూలు ఫైరింజన్ ట్యాంకులో పట్టేది 4,500 లీటర్లు. ఒక్క పైపుతో నిమిషానికి 450 లీటర్లు కొడితే పది నిమిషాలకు ట్యాంకు ఖాళీ. రెండు పైపులైతే ఐదు నిమిషాలు. ఆ తర్వాత బండి మళ్లీ నింపుకొచ్చేదాకా మంటదే రాజ్యం. అందుకే బండి వచ్చేలోపు జట్టు చేయాల్సిన అసలు పని నీళ్లకు దారి వెతికి పెట్టడం.

ఇది మంట రోజున చేసే పని కాదు. ఒక ఆదివారం నలుగురు నడిచి చూడండి. ఫైరింజన్ పంపు కింది నుంచి నీళ్లను పీల్చగలిగేది ఏడు మీటర్ల లోపే. కాబట్టి ఊరబావి ఎంత పెద్దదైనా నీళ్లు లోతున ఉంటే బండికి పనికిరావు. చెరువు నిండుగా ఉన్నా గట్టు మీదికి బరువు బండి ఎక్కకపోతే పనికిరాదు. వేసవిలో కేసీ కెనాల్‌ను నమ్ముకోలేం, కుందూను నమ్ముకోలేం. ఏ బోరు దగ్గరికి దారి గట్టిగా ఉంది, ఏ తోట తొట్టిలో ఎండాకాలమూ నీళ్లుంటాయి, మంచినీళ్ల ట్యాంకు కింద పెద్ద గేట్‌వాల్వ్ ఉందా, దాని తాళంచెవి ఎవరి మొలతాడుకు వేలాడుతోంది? ఇవన్నీ కాగితం మీద పెట్టండి. ఆ కాగితం ఒకటి స్టేషన్‌కు ఇచ్చి రండి.

ఇందులో ఒక చిక్కుంది. మంట పడితే కరెంటు తీయిస్తాం. కరెంటు పోతే బోరు మోటార్లు ఆగిపోతాయి. నీళ్లు బోర్లో ఉంటాయి గానీ చేతికి రావు. కాబట్టి ఎండాకాలం నాలుగు నెలలూ ఊళ్లో ఒక ట్రాక్టర్ ట్యాంకరు ఎప్పుడూ నిండుగా ఉండాలి. పెళ్లిళ్లకు, తోటలకు నీళ్లు తోలే ట్యాంకర్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. సాయంత్రం పని అయిపోయాక ఖాళీగా పెట్టే బదులు నింపి పెట్టమని యజమానిని అడగండి. దానికి డీజిల్ ఖర్చు ఊరు భరించాలి, మొహమాటంతో పని నడవదు. పొలాల్లో వాడే స్ప్రేయర్లు మిగిలిన చిన్న నిప్పులను చల్లార్చడానికి బాగా పనికొస్తాయి. ముందు మందు వాసన పోయేలా ట్యాంకు కడగాలి. పెట్రోలుతో నడిచేవాటిని మంట దగ్గరికి తేవొద్దు.

గ్యాస్ మంటను ఆర్పకండి

సిలిండర్ మూతి దగ్గర మంట లేస్తుంటే దాన్ని ఎలాగైనా ఆర్పాలనిపిస్తుంది. రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ కట్టేయగలిగితేనే ఆర్పండి. తడి గోతం చేతికీ మూతికీ కప్పి తిప్పితే చాలాసార్లు సరిపోతుంది. కట్టేయడం కుదరకపోతే మండనివ్వండి. మంట మాత్రమే ఆరి గ్యాస్ వస్తూనే ఉంటే అది గాలికంటే బరువు కాబట్టి నేలబారుగా గదంతా పరుచుకుంటుంది. పక్కింటి పొయ్యి దాకా పాకి ఒక్కసారిగా అంటుకుంటుంది. మండుతున్న సిలిండర్‌కు దూరం నుంచి, గోడ చాటు నుంచి నీళ్లు కొట్టి చల్లబరచండి, చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించండి. పెద్ద మంటల మధ్య చిక్కుకున్న సిలిండర్ జోలికి మాత్రం పోవద్దు, అది పగిలితే గోడ కూడా కాపాడదు.

మంట లేకుండా వాసన మాత్రమే వస్తుంటే లైటు వేయొద్దు. వెలుగుతున్న లైటు ఆర్పొద్దు కూడా. స్విచ్చిలో పుట్టే చిన్న రవ్వ చాలు. తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయండి. ఆ ఫోన్ కూడా ఇంట్లో నిలబడి చేయొద్దు.

బాండీలో నూనె అంటుకుంటే నీళ్లు వద్దు. పొయ్యి ఆర్పి మూత పెట్టండి, అంతే. పెళ్లి వంటల దగ్గర పెద్ద బాండీకి సరిపడే మూత వంటమేస్త్రి పక్కనే ఉందో లేదో జట్టులో ఒకరు చూసి రావాలి.

పరిగెత్తేవాడిని కింద పడేయండి

బట్టలంటుకున్న మనిషి పరిగెత్తుతాడు. పరిగెత్తే కొద్దీ గాలి తగిలి మంట ముఖానికి ఎక్కుతుంది. అతన్ని నేల మీద పడేసి దొర్లించండి. మందపాటి దుప్పటి గానీ గోతం గానీ కప్పండి. నైలాన్ చీర గానీ పాలిస్టర్ దుప్పటి గానీ కప్పొద్దు, అవి కరిగి ఒంటికి అతుక్కుంటాయి.

కాలిన చోట పసుపు, సిరా, టూత్‌పేస్ట్, నెయ్యి, కోడిగుడ్డు పూయాలని ప్రతి ఇంట్లో ఒక పెద్దమనిషి చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపండి. కాలిన చోట మామూలు చల్లటి నీళ్లు ధారగా 20 నిమిషాలు పోయాలి. 20 నిమిషాలంటే చాలా సేపు, మధ్యలో ఆపేయాలనిపిస్తుంది, ఆపొద్దు. ఐసు వద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. బొబ్బలు చిదమొద్దు. అతుక్కుపోయిన బట్ట లాగొద్దు. శుభ్రమైన నూలుగుడ్డ వదులుగా కప్పి 108 ఎక్కించండి. పెద్దగా కాలినవాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు, ఒళ్లు మరీ చల్లబడకుండా కాలని చోట దుప్పటి కప్పాలి. పూసిన పసుపునంతా ఆస్పత్రిలో కడిగి తీయాల్సి వస్తుంది. ఆ నొప్పి ఎలాంటిదో చూసినవాళ్లకు ఇంకొకసారి చెప్పక్కర్లేదు.

తలుపు మూసేయండి

ఇల్లు కాలుతుంటే తలుపులన్నీ తెరవాలనిపిస్తుంది. మనుషులందరూ బయటికి వచ్చాక, వచ్చిన తలుపు మూయండి. తాళం వేయొద్దు, దగ్గరికి వేస్తే చాలు. గాలి అందని మంట మందగిస్తుంది. పొగ నిండిన గదిలో నిలబడి నడవొద్దు, నేల మీద పాకండి. నేలకు జానెడు మూరెడు ఎత్తులోనే పీల్చుకోదగ్గ గాలి మిగులుతుంది. మన పాత మిద్దె ఇళ్లలో కిటికీలు తక్కువ, అందుకే పొగ త్వరగా కిందికి దిగుతుంది. దూలాలు కాలిన మిద్దె మీద మట్టి బరువు ఉంటుందని మరచిపోకండి. మంట తగ్గిందని లోపలికి పోయినప్పుడే కప్పు కూలుతుంది. పత్తి అమ్మిన డబ్బు బీరువాలో ఉన్నా, పొలం పాసుబుక్కు ట్రంకుపెట్టెలో ఉన్నా బయటికి వచ్చినవాళ్లను తిరిగి లోపలికి పోనివ్వొద్దు. రెక్క పట్టుకుని ఆపే మనిషిని కూడా జట్టులో ముందే అనుకోండి. ఇంటివాళ్ల మాటకు లొంగని, గట్టి మనిషి కావాలి.

అడవిలో మంట వైపే నడవాల్సి రావచ్చు

రుద్రవరం, బండి ఆత్మకూరు, మహానంది వైపు పల్లెలకు ఇది వర్తిస్తుంది. ఫిబ్రవరి నుంచి నల్లమలలో ఆకు రాలుతుంది, బోదగడ్డి, వెదురు ఎండుతాయి. ఆర్పకుండా పారేసిన బీడీ చాలు. అటవీశాఖ ఏటా ఫైర్ లైన్లు శుభ్రం చేయిస్తుంది, చెంచులు కాపలా బేస్ క్యాంపుల్లో ఉంటారు. వాళ్లు మంటను చూసే తీరు నుంచి మనం నేర్చుకోవాలి.

మంట కొండ ఎక్కుతుంది, ఎక్కేటప్పుడు మనిషికంటే వేగంగా ఎక్కుతుంది. కాబట్టి కొండపైకి పరిగెత్తి తప్పించుకుందామనుకోవద్దు. దిక్కు తోచనప్పుడు అన్నిటికంటే క్షేమమైన చోటు అప్పటికే కాలి నల్లబడిన నేల. అక్కడ మళ్లీ కాలడానికి ఏమీ మిగలదు. మంట తక్కువ ఎత్తున్న పక్క నుంచి ఆ నల్లటి నేలలోకి చేరడమే కొన్నిసార్లు ప్రాణం నిలబెడుతుంది. ఊరి జట్టు సొంతంగా అడవి మంటలోకి పోకూడదు. బీట్ ఆఫీసర్‌కు చెప్పి, ఆయన చూపిన చోట, పచ్చికొమ్మలతో మంట అంచును పక్క నుంచి కొట్టుకుంటూ పోవాలి. మంటకు ఎదురు నిలబడొద్దు. ఎదురు మంట పెట్టడం తెలిసినవాళ్ల పని, కుర్రాళ్లు సరదా పడొద్దు.

బస్సు తలుపు దగ్గర సమయం పోగొట్టుకోకండి

కర్నూలు నుంచి నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి రాత్రంతా నిద్రపోదు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న స్లీపర్ బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. కిటికీ అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లు బతికారు. అంతకుముందు 2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ఇలాగే ఇంకో బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. ఆ రోడ్డు వేరే, మన రోడ్డు వేరే అని నేను అనుకోలేను.

హైవే పక్క ఊళ్ల జట్టు రోడ్డు పక్క డాబాలో, పంక్చర్ షాపులో, పెట్రోలు బంకులో నాలుగు సుత్తులు, రెండు గడ్డపారలు, ఒక నిచ్చెన పెట్టించాలి. తలుపు ఇరుక్కుంటే దాంతో కుస్తీ పట్టొద్దు. డ్రైవర్ ముందున్న అద్దం మీద కొట్టి అలసిపోవద్దు, అది పొరలుగా అతికిన అద్దం, పగిలినా ఊడి రాదు. పక్క కిటికీ అద్దం మూల మీద కొట్టండి, ముక్కలుగా రాలిపోతుంది. పై బెర్తులవాళ్లకు కింద నిచ్చెన గానీ లారీ తొట్టి గానీ ఉండాలి. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. రోడ్డు మీద కారిన డీజిల్‌లో అడుగు పెట్టొద్దు. వెనక వచ్చే వాహనాలను ఆపడానికి దూరంగా ఇద్దరు పోవాలి, లేకపోతే కాపాడుతున్నవాళ్ల మీదికే ఇంకో లారీ వస్తుంది. ఫోన్‌లో వీడియో తీస్తున్నవాడి చేతికి సుత్తి ఇవ్వండి. తిట్టడం కంటే అది త్వరగా పనిచేస్తుంది.

జట్టులో ధైర్యవంతులను ముందు పెట్టొద్దు

సాధనకు పిలిస్తే మొదట వచ్చేది ఎగిరి దూకే కుర్రాడు. అతన్ని తీసుకోండి కానీ నాయకత్వం ఇవ్వొద్దు. నాయకుడు వెనక్కి లాగగలిగిన మనిషి కావాలి. రిటైరైన హోంగార్డు, ఆర్మీ నుంచి వచ్చినవాళ్లు, బడి పంతులు, ఎవరైనా సరే, ఆయన "చాలు, వెనక్కి రండి" అంటే మారుమాట లేకుండా రావాలి.

సాధన విసుగ్గానే ఉండాలి. ఫోన్ చేసి మాట్లాడటం, మలుపుకు పరిగెత్తడం, ట్రాక్టర్ ట్యాంకర్ స్టార్ట్ చేసి వామి దగ్గరికి తేవడం, వరసలో నిలబడి బకెట్లు అందించడం. నిండువి ఒక వరసలో పోవాలి, ఖాళీవి ఇంకో వరసలో రావాలి, ఒకే వరసలో రెండూ కలిస్తే నీళ్లన్నీ నేలపాలు. సెల్‌ఫోన్ గడియారం పెట్టి ఎంత సేపు పట్టిందో రాసుకోండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేత్తో పట్టుకోవడం అందరికీ రావాలి. పిన్ను లాగి, గొట్టం మంట మొదట్లోకి గురిపెట్టి, మీట నొక్కి, అటూ ఇటూ ఊపాలి. అందులో మందు అర నిమిషం కూడా రాదు, పైకెగిరే మంట మీద కొడితే వృథా. స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌ను అడిగితే లీడింగ్ ఫైర్‌మన్‌ను పంపి చూపిస్తారు. వారోత్సవాల్లో వాళ్లు ఎలాగూ బళ్లలో, ఆస్పత్రుల్లో మాక్‌డ్రిల్ చేసి చూపిస్తారు.

అయితే వారోత్సవం దాకా ఆగితే ఆలస్యమవుతుంది. ఏప్రిల్ మధ్యకు సగం ఎండాకాలం వచ్చేసి ఉంటుంది, వాములన్నీ పేర్చేసి ఉంటాయి. అహోబిలం స్వామి పార్వేట కనుమ నాడు మొదలై నెలన్నర పాటు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊరూరా తిరుగుతుంది. స్వామి వస్తున్నాడంటే ప్రతి ఊరూ పందిళ్లు వేస్తుంది, దారులు శుభ్రం చేస్తుంది, ఎవరి పని వారికి పంచుతుంది. స్వామి మీ ఊరు దాటిన తర్వాతి ఆదివారమే మొదటి డ్రిల్ పెట్టుకోండి. మనుషులు అప్పటికే ఒక చోట చేరి ఉంటారు, ఎండలు ఇంకా ముదరవు. నెలకొకసారి చొప్పున మే దాకా నాలుగు సాధనలు దొరుకుతాయి.

ఫైరింజన్ వెళ్లిపోయాక ఇంటికి పోవద్దు

పైన తడిసి నల్లగా కనిపించే వామి లోపల రాత్రంతా కాలుతుంది. తెల్లారుజామున గాలి లేస్తే మళ్లీ మంట పుడుతుంది, అప్పుడు ఊరంతా నిద్రలో ఉంటుంది. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని రెండు రాత్రులు కాపలా కాయండి. పొగ లేచే చోట పారతో తవ్వి నీళ్లు పోయండి. చెయ్యి దగ్గర పెట్టి వేడి చూడండి, చెయ్యి లోపలికి పెట్టొద్దు. లోపల గుల్లగా కాలిన వామి మీదికి ఎవరూ ఎక్కకూడదు, కాలు దిగబడితే నిప్పులోకే పోతుంది.

మరుసటి రోజు ఇంటివాళ్లతో ఒకరు తోడుగా తహసీల్దారు ఆఫీసుకు పోవాలి. ఫైర్ స్టేషన్ నుంచి మంట ఆర్పినట్టు కాగితం అడిగి తీసుకోవాలి, బీమాకు, సాయానికి అదే ఆధారం. కాలిన వస్తువులను పంచనామా అయ్యేదాకా ఊడ్చి పారేయొద్దు, ఫోటోలు తీసి పెట్టండి. పాసుబుక్కులు, ఆధార్ కార్డులు పోయినవాళ్ల పేర్లు సచివాలయంలో ఇవ్వండి. ట్యాంకరు మళ్లీ నింపి పెట్టించండి. మూడో రోజైనా వామిలో పొగ కనిపిస్తే సంకోచించకుండా 101కే ఫోన్ చేయండి, మొన్ననే వచ్చిపోయారు కదా అని వెనకాడొద్దు.